నలుగురు అమ్మాయిలు, నలుగురు ప్రేక్షకులు

'వేర్ ది బాయ్స్ ఆర్' హాయిగా నవ్వించే సెలవుల సినిమానా, లేక ఆడపిల్లలకు హెచ్చరికా? 1960లో మొదలైన ఈ వాదన డాలస్ శివార్లలోని ఒక తెలుగు ఇంటి దాకా వచ్చింది.

సరదా సినిమా గురించి ప్రేక్షకుల అభిప్రాయం అడగడమంత తేలికైన పని మరొకటి లేదు. హాల్లోంచి బయటికొచ్చేవాళ్లు రెండే మాటలు చెబుతారు. 'బావుంది, కాలక్షేపం' అన్నది మొదటిది. 'ఏమీ లేదు, కాలక్షేపం' అన్నది రెండోది. మెచ్చినవారూ నొచ్చినవారూ ఒకే మాట వాడతారు. అయితే అమెరికాలో వచ్చిన స్ప్రింగ్ బ్రేక్ సినిమాలన్నిటికీ పెద్దక్క లాంటి ఒక చిత్రం దగ్గర మాత్రం ఈ లెక్క కుదరదు. దాని గురించి అడిగితే చాలామంది మొదట నవ్వుతారు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగుతారు. ఆగాక ఏం చెబుతారన్నదాన్ని బట్టి ఆ మనిషి వయసేమిటో, ఆడో మగో, ఇంట్లో ఎదిగిన కూతురు ఉందో లేదో దాదాపుగా ఊహించవచ్చు.

ఆ సినిమా పేరు 'వేర్ ది బాయ్స్ ఆర్'. 1960 డిసెంబర్ చివరి వారంలో విడుదలైంది. ఎంజీఎం సంస్థ కోసం జో పాస్టర్నాక్ నిర్మించగా హెన్రీ లెవిన్ దర్శకత్వం వహించారు. గ్లెండన్ స్వార్థౌట్ అదే ఏడాది ప్రచురించిన నవల దీనికి ఆధారం. ఆయన మిచిగాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పేవారు. తన విద్యార్థులు వసంత సెలవులకు ఫ్లోరిడాకు ఎగబడి వెళ్లడం చూసి, వాళ్ల వెంట తానూ వెళ్లి వచ్చి ఆ నవల రాశారు.

కథ చిన్నదే. మంచులో కూరుకుపోయిన ఒక కాలేజీ. చలికీ జలుబుకీ విసిగిపోయిన నలుగురు అమ్మాయిలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడి కాలేజీలు ఇచ్చే వారం రోజుల సెలవుకు వాళ్లు కారెక్కి ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్డేల్ సముద్ర తీరానికి బయల్దేరతారు. తెలివైన మెరిట్‌గా డొలోరెస్ హార్ట్, పొడుగైన టగిల్‌గా పాలా ప్రెంటిస్, అమాయకురాలు మెలనీగా ఇవెట్ మిమ్యూ, అల్లరి ఏంజీగా గాయని కోనీ ఫ్రాన్సిస్ నటించారు. దారిలో ఒక పొడుగాటి కుర్రాడు లిఫ్టు అడుగుతాడు. ఊళ్లో ఒక ధనవంతుల అబ్బాయి తగులుతాడు. కళ్లజోడు లేకపోతే ఎదుటి మనిషి కనిపించని ఒక సంగీతకారుడు ఏంజీకి జత. ఒకే గదిలో అద్దె పంచుకునేందుకు మరికొందరు అమ్మాయిలు వచ్చి ఇరుక్కోవడం, చేతిలో డబ్బులు నీళ్లలా కరిగిపోవడం, నైట్ క్లబ్బులోని గాజు నీళ్లతొట్టిలో అందరూ పడిపోవడం... సీను తర్వాత సీను నవ్వుల మీద నడిచిపోతుంది.

సినిమా నడవడమే కాదు, ఊరినీ నడిపించింది. ఫోర్ట్ లాడర్డేల్‌కు విద్యార్థులు రావడం 1930లలోనే మొదలైంది. కోల్గేట్ విశ్వవిద్యాలయం ఈత జట్టు చలికాలంలో సాధన కోసం అక్కడి పెద్ద ఈత కొలనుకు వచ్చేది. దాన్ని చూసి మిగతా కాలేజీల జట్లూ రావడం మొదలెట్టాయి. ఈతగాళ్ల వెనక స్నేహితులు, స్నేహితుల వెనక వాళ్ల స్నేహితులు. సినిమా వచ్చే నాటికి ఏటా వచ్చేవారు సుమారు 20 వేలు. అది విడుదలైన మరుసటి వసంతంలో ఆ సంఖ్య 50 వేలు దాటింది. 1985 నాటికి మూడున్నర లక్షలకు చేరింది. చివరికి ఊరి మేయరే టీవీలో కనిపించి, ఇక మీరు రావద్దని విద్యార్థులకు చెప్పాల్సి వచ్చింది. సినిమాలో కనిపించే ఎల్బో రూమ్ అనే బార్ మాత్రం ఇప్పటికీ సముద్రానికి ఎదురుగా అలాగే ఉంది.

మధ్యలో మలుపు

ఇంత సరదా సినిమాలో ఆగి ఆలోచించాల్సింది ఏముంది? మెలనీ ఉంది.

సినిమా మొదట్లో మెరిట్ క్లాసులో లేచి, పెళ్లికి ముందు అబ్బాయిలూ అమ్మాయిలూ ఎలా ఉండాలనే విషయం మీద పాత పాఠాలు పనికిరావని వాదిస్తుంది. దానికి డీన్ గదికి పిలుపు వస్తుంది. మెరిట్‌ది వాదన మాత్రమే. ఫ్లోరిడా వెళ్లాక ఆమె అడుగడుగునా ఆచితూచి వ్యవహరిస్తుంది. ఆ వాదనను నమ్మి ఆచరణలో పెట్టింది మెలనీ. పెద్ద కాలేజీ కుర్రాళ్లు చెప్పే తీపి మాటలన్నీ నిజమనుకుంటుంది. ఒకడు పోతే అతని స్నేహితుడు వస్తాడు. ఆ రెండోవాడు ఒక రాత్రి మోటెల్ గదిలో ఆమె మీద అత్యాచారం చేస్తాడు. నీళ్లతొట్టి నవ్వులు ముగిసిన కొద్దిసేపటికే ఇదంతా వస్తుంది. చిరిగిన బట్టలతో, ఎటు పోతున్నదీ తెలియని స్థితిలో రోడ్డు మీద నడుస్తున్న ఆమెకు కారు తగులుతుంది. ఆ తర్వాత ఆస్పత్రి మంచం.

1960లో హాలీవుడ్‌కు సొంత నిబంధనావళి ఉండేది. ఏం చూపాలి, ఏం చూపకూడదు అన్నదానికి గట్టి హద్దులుండేవి. అందుకే ఏం జరిగిందో సినిమా సూటిగా చెప్పదు, సైగ చేసి ఊరుకుంటుంది. తెలిసినవాడే, నమ్మి వెంట వెళ్లినవాడే చేసే అత్యాచారానికి ఇంగ్లిష్‌లో ప్రత్యేకంగా ఒక పేరు వాడుకలోకి వచ్చింది కూడా 1970లలోనే. అంటే పేరు పుట్టక ముందే ఆ నేరాన్ని ఈ కాలక్షేపం సినిమా తెర మీదికి తెచ్చింది.

ఇక్కడే ప్రేక్షకులు రెండుగా చీలిపోతారు. టీనేజీలో ఆ సినిమా చూసినవాళ్లలో చాలామందికి పాట గుర్తుంటుంది, ఇసుక గుర్తుంటుంది, పాలా ప్రెంటిస్-జిమ్ హటన్‌ల జంట గుర్తుంటుంది. ఆ జంట ఎంత నచ్చిందంటే ఎంజీఎం వాళ్లిద్దరినీ 1961, 62లలో మరో మూడు చిత్రాల్లో కలిపి చూపించింది. మెలనీ గురించి అడిగితే 'అవును, చివర్లో కొంచెం విషాదం ఉంటుంది' అని దాటేస్తారు. రెండో వర్గం ఆ విషాదం దగ్గరే ఆగిపోతుంది. ఆ కాలంలో అంత ధైర్యంగా ఆడపిల్ల బాధను చూపిన సినిమా మరొకటి లేదని కొందరు మెచ్చుకుంటారు. హద్దు దాటిన పిల్లకు శిక్ష వేసి, హద్దులో ఉన్న పిల్లకు ధనవంతుడైన కుర్రాణ్ని బహుమతిగా ఇచ్చిన పాత నీతికథ ఇదని మరికొందరు కోప్పడతారు. ఎవరి మాటా పూర్తిగా కొట్టిపారేసేది కాదు.

ఒకే సోఫా, నాలుగు తీర్పులు

డాలస్ శివార్లలోని ఆ ఇంట్లో ఈ సినిమా తెర మీదికి రావడానికి కారణం కళాభిమానం కాదు. విశ్వవిద్యాలయంలో రెండో ఏడు చదువుతున్న కూతురు, వారాంతానికి ఇంటికొచ్చి, భోజనాల దగ్గర ఒక మాట వదిలింది. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కు ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి ఫ్లోరిడా వెళ్తానంది. వాళ్లూ నలుగురే. తల్లి పప్పు గిన్నె మీద మూత పెట్టి, 'చూద్దాంలే' అంది. ఆ ఇంట్లో 'చూద్దాంలే' అంటే కుదరదని అర్థం. కూతురికి ఆ సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు.

వాతావరణం తేలికపరచడానికి తండ్రి ఒక ఉపాయం ఆలోచించాడు. స్ప్రింగ్ బ్రేక్ మీద ఏదైనా సినిమా అందరం కలిసి చూద్దామన్నాడు. కొత్తవి పెట్టడానికి భయం. 2012 నాటి 'స్ప్రింగ్ బ్రేకర్స్' గురించి ఆయన ఎక్కడో చదివాడు. సముద్రం, సరదా ఉంటాయని వెళ్లిన ప్రేక్షకులు తుపాకులూ మత్తుమందులూ చూసి బిత్తరపోయిన సినిమా అది. పైగా తెనాలి నుంచి అత్తగారు వచ్చి ఉన్నారు. అందుకని వెతికి వెతికి 1960 నాటిది పట్టుకున్నాడు. 'పాత సినిమా అత్తయ్యగారూ, మీరు కూడా చూడొచ్చు. భయపడాల్సిందేమీ ఉండదు' అని హామీ కూడా ఇచ్చాడు.

మొదటి గంటకు పైగా ఆ హామీ నిలబడింది. అమ్మమ్మకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. అయినా ఎవరు హీరోయినో, ఎవరు హాస్యమో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కోనీ ఫ్రాన్సిస్‌ను చూపించి 'ఈ పిల్ల మన రమాప్రభలా ఉందే' అంది. కళ్లజోడు సంగీతకారుణ్ని చూసి 'వీడు రాజబాబు' అని తేల్చేసింది. తండ్రి నీళ్లతొట్టి సీనుకు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. కూతురు ఫోను పక్కన పెట్టేసింది. తల్లి కూడా రెండు మూడుసార్లు నవ్వింది. పొడుగైన టగిల్, ఆడపిల్లకు పెళ్లే పరమార్థం అన్నట్టు మాట్లాడినప్పుడల్లా కూతురు తలగడ మొహాన అడ్డం పెట్టుకుంది.

తర్వాత మెలనీ సీను వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. తండ్రి రిమోట్ కోసం చెయ్యి చాచి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు.

సినిమా అయిపోయాక మొదటి తీర్పు ఆయనదే. 'అంతా బాగా తీసి చివర్లో పాడు చేశాడు' అన్నాడు. హాస్యచిత్రానికి వచ్చినవాణ్ని ఏడిపించడం మోసమని ఆయన వాదన. ఇందులో కొంత న్యాయం ఉంది. గంటకు పైగా ఒక రుచి చూపించి ఆఖరి ముద్దలో ఉప్పుగల్లు పెడితే ఎవరికైనా కోపం వస్తుంది. కానీ ఆయన కోపం నిజానికి దర్శకుడి మీద కాదు. భయపడాల్సిందేమీ లేదని అందరికీ తానే హామీ ఇచ్చాడు. అదీ ఆయన బాధ.

తల్లికి సినిమా సాక్ష్యంగా పనికొచ్చింది. 'చూశావుగా? నేను చెబితే వినవు. అరవయ్యేళ్ల కిందటే వాళ్లే తీసి చూపించారు' అంది. ఆమెది వట్టి చాదస్తమని అనడానికి లేదు. ఆమె 2001లో ఎమ్మెస్ చదవడానికి టెక్సస్ వచ్చింది. ఆమెకు స్ప్రింగ్ బ్రేక్ అంటే సముద్రం కాదు, క్యాంపస్ క్యాంటీన్. విదేశీ విద్యార్థులు చదువు సాగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. సెలవుల్లో ఆ పరిమితి ఉండదు. అందుకే ఊరంతా బీచ్‌కు పోయిన ఆ వారంలో ఆమె, ఆమెతోపాటు వచ్చిన మరికొందరు తెలుగు పిల్లలు పూర్తి షిఫ్టులు చేసి వచ్చే నెల అద్దె సంపాదించుకున్నారు. ఇప్పుడు కూడా కొత్తగా వచ్చే చాలామంది తెలుగు విద్యార్థులకు ఆ వారం విలువ గంటల్లోనే ఉంటుంది. ఆమె అమెరికాలో సముద్రం చూసింది పెళ్లయిన తర్వాతే. తనకు తెలియని సరదాను కూతురికి ఎలా అనుమతించాలో ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసిందల్లా వార్తలే. 2015 మార్చిలో ఫ్లోరిడాలోని పనామా సిటీ బీచ్‌లో, పట్టపగలు, జనం మధ్యలో ఒక అమ్మాయి మీద కొందరు కుర్రాళ్లు అఘాయిత్యం చేశారు. చుట్టూ ఉన్నవాళ్లు ఆపలేదు. ఆ నెలలోనే అక్కడ ఒక పార్టీలో కాల్పులు జరిగి ఏడుగురు గాయపడ్డారు. మరుసటి ఏడాది నుంచి ఆ ఊరు మార్చి నెలలో బీచ్ మీద మద్యాన్ని నిషేధించింది. 2024లో మయామీ బీచ్ నగరమైతే స్ప్రింగ్ బ్రేక్‌తో తెగతెంపులు చేసుకుంటున్నామని ప్రకటనలే విడుదల చేసింది. ఇవన్నీ తల్లికి నోటికి వచ్చు.

కూతురి తీర్పు వేరు. ఆమెకు కోపం వచ్చింది. 'అమ్మా, నువ్వు మెలనీని చూసి నన్ను చూస్తున్నావు. ఆ అబ్బాయిని చూసి ఎవర్నీ చూడవా?' అని అడిగింది. ఆ ప్రశ్నలో పదును ఉంది. సినిమా మెలనీని ఆస్పత్రిలో చూపిస్తుంది. మెరిట్ అపరాధ భావాన్ని చూపిస్తుంది. కానీ ఆ కుర్రాడికి ఏమైందన్న సంగతి దాదాపు పట్టించుకోదు. పోలీసులు సినిమా మొదట్లో కనిపిస్తారు. పిల్లల అల్లరిని ఓపిగ్గా భరించాలని వాళ్ల అధికారి కిందివాళ్లకు చెబుతాడు. ఓపిక అల్లరికి సరే. నేరం జరిగిన తర్వాత వాళ్లు ఎక్కడ? 'క్లాసులో మాట్లాడినందుకు మెరిట్‌కు డీన్ నుంచి పిలుపొచ్చింది. రేప్ చేసినవాణ్ని ఎవరూ పిలవలేదు. ఇది అమ్మాయిలకు వార్నింగ్ కాదమ్మా, అబ్బాయిలకు పర్మిషన్' అంది కూతురు.

తల్లి జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఆమె దగ్గర జవాబు లేదని కాదు. ఆ మాటతో ఆమె కూడా ఏకీభవిస్తుంది. ఏకీభవించినా భయం తగ్గలేదు, అదీ ఆమె చిక్కు.

అమ్మమ్మ అడిగిన మాట

నాలుగో ప్రేక్షకురాలి అభిప్రాయం ఎవరూ అడగలేదు. డెబ్బయ్యేళ్లు దాటిన ఆ పెద్దావిడ కాసేపు తన ధోరణిలో తాను ఉండి, 'ఈ సినిమా నయమే' అంది. ముగ్గురూ తిరిగి చూశారు.

ఆమె పోలిక తెలుగు సినిమాలతో. 'మా కాలంలో హీరో చెల్లెలుకి ఇలాంటిది జరిగితే ఆ పిల్ల ఇంక బతికేది కాదు. బావిలోనో రైలు కిందో పడేది. ఆ తరవాత అన్న కత్తి పట్టుకునేవాడు. లేదా పాడు చేసినవాడితోనే తాళి కట్టించేవాళ్లు. ఈ పిల్ల బతికింది. స్నేహితురాళ్లు ఒక్కమాట అనకుండా పక్కన కూచున్నారు. అది చాలదా?' అంది. ఆనాటి తెలుగు తెర చూసినవారెవరూ ఈ మాట కాదనలేరు. మోసపోయిన ఆడపిల్ల చావకుండా కోర్టుకెక్కే కథతో 1981లో 'న్యాయం కావాలి' వచ్చినప్పుడు జనం ఆశ్చర్యంగా చూశారు. చిరంజీవిని బోనులో నిలబెట్టిన రాధికను అమ్మమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది.

అక్కడితో ఆగితే అది ఒక పాతకాలపు ప్రేక్షకురాలి మెచ్చుకోలు అయ్యేది. ఆమె ఆగలేదు. 'అంతా బానే ఉంది కానీ, ఆ పిల్ల తల్లి ఎక్కడే? ఆస్పత్రిలో పడుంటే రాలేదేం?' అని అడిగింది.

నిజమే. నలుగురు అమ్మాయిల కథలో నలుగురి ఇళ్లూ ఎక్కడో దూరంగా ఉండిపోతాయి. సరదా సినిమాకు తల్లిదండ్రులు అడ్డం. వాళ్లు లేకపోతేనే సెలవు. అందుకే రచయితలు వాళ్లను కథ బయట కూచోబెడతారు. నవ్వుతున్నంత సేపూ ఆ లోటు ఎవరికీ తెలియదు. ఆస్పత్రి సీనులోనే తెలుస్తుంది.

'వాళ్లకి చెప్పలేదేమో అమ్మమ్మా' అంది మనవరాలు.

'ఎందుకు చెప్పలేదూ?'

'చెబితే ఏమంటారోనని.'

ఆ మాట ఆమె మెలనీ గురించే అంది. కానీ గదిలో ఉన్న నలుగురికీ అది మెలనీ దగ్గర ఆగలేదని తెలిసిపోయింది. కాసేపటి కిందటే అదే సోఫా మీద తల్లి 'చూశావుగా' అని ఉంది. అంటే, రేపు తనకు ఏదైనా జరిగితే మొదట వినబడే మాట అదేనని కూతురికి ముందే తెలుసు. ఆ రాత్రి ఆ ఇంట్లో తేలాల్సింది ఫ్లోరిడా ప్రయాణం కాదు. వెళ్లినా వెళ్లకపోయినా, కష్టంలో ఉన్న పిల్ల ఆ ఇంటి నంబరు నొక్కుతుందా లేదా అన్నది.

పాట పాడిన అమ్మాయి

సినిమా చూసిన మర్నాడు కూతురు ఆ నటీమణుల గురించి చదివింది. డొలోరెస్ హార్ట్ కథ ఆమెకు వింతగా తోచింది. ఎల్విస్ ప్రెస్లీ సరసన రెండు చిత్రాల్లో నటించిన ఆ తార 1963లో సినిమాలు వదిలేసి కనెక్టికట్‌లోని ఒక మఠంలో సన్యాసినిగా చేరింది. కానీ ఆమెను నిద్రపోనివ్వనిది రమాప్రభలా ఉందని అమ్మమ్మ ముచ్చటపడిన కోనీ ఫ్రాన్సిస్ కథ.

సినిమా వచ్చే నాటికి కోనీ అమెరికాలో అగ్రశ్రేణి గాయని. నటించడం అదే మొదటిసారి. సినిమా పేరుతోనే ఉన్న పాటను నీల్ సెడాకా, హోవర్డ్ గ్రీన్‌ఫీల్డ్ ఆమె కోసం కట్టారు. అది బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగో స్థానానికి చేరింది. పద్నాలుగేళ్ల తర్వాత, 1974 నవంబర్‌లో, న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో కచేరీ ముగించుకుని మోటెల్ గదిలో నిద్రిస్తుండగా ఒక ఆగంతకుడు లోపలికి చొరబడి, కత్తి చూపి ఆమె మీద అత్యాచారం చేశాడు. అతను ఎప్పటికీ దొరకలేదు. తెర మీద మెలనీకి మోటెల్ గదిలో జరిగిందే, తెర బయట అదే సినిమాలో నవ్వులు పంచిన అమ్మాయికి జరిగింది. వెంట వెళ్లింది లేదు, ఎవరినీ నమ్మింది లేదు, హద్దు దాటింది అంతకన్నా లేదు. పని ముగించుకుని తలుపు వేసుకుని పడుకుంది.

తలుపు తాళాలు సరిగా లేవని కోనీ ఆ మోటెల్ యాజమాన్యం మీద దావా వేసింది. 1976లో జ్యూరీ ఆమెకు 25 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. గదుల భద్రత విషయంలో అమెరికా హోటళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకోవడానికి ఆ కేసు ఒక కారణమని చెబుతారు. ఆమె ఏళ్ల తరబడి వేదిక ఎక్కలేదు. మళ్లీ కచేరీలు చేసింది 1980లలోనే. జరిగింది దాచుకోలేదు, ఆత్మకథలో రాసుకుంది. 2025 జూలైలో, 87 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఆమె 1962లో పాడిన ఒక చిన్న పాట అదే ఏడాది కుర్రకారు ఫోన్లలో మోగిపోయింది. ఆమె ఎవరో తెలియని పిల్లలు కూడా దానికి పెదవులు కదిపారు.

కూతురు ఈ సంగతులన్నీ తల్లికి ఫోన్‌లో చదివి వినిపించింది. వాదించడానికి కాదు. 'ఊరికే, నీకు చెప్పాలనిపించింది' అంది. తల్లి విన్నది. హద్దులో ఉంటే ఏమీ కాదన్న నమ్మకం ఆమెకు కొండంత అండ. తనను కాపాడింది అదేనని ఆమె ఇరవయ్యేళ్లుగా నమ్మింది. అర్ధరాత్రి క్యాంటీన్ షిఫ్టు దిగి ఒంటరిగా నడిచి వెళ్లిన రోజులు ఆమెకు గుర్తొచ్చాయి. ఆ రాత్రుల్లో తనకేమీ కాకపోవడానికి కారణం తన మంచితనం కాదనీ, ఆ దారిలో చెడ్డవాడెవడూ ఎదురుపడకపోవడమేననీ ఆమెకు అప్పుడు తట్టింది.

షరతు ఒక్కటే

చివరికి 'చూద్దాంలే' కాస్తా 'వెళ్లు' అయింది. తండ్రి కారు టైర్లలో గాలి చూసే విషయంలో ఉపన్యాసమిచ్చాడు. నలుగురి ఫోన్లలోనూ ఎవరెక్కడున్నారో తెలిసే ఏర్పాటు చేసుకోమన్నాడు. అమ్మమ్మ పచ్చడి సీసా కడతానంది, అది బీచ్‌కి పనికిరాదని అందరూ కలిసి ఒప్పించారు. తల్లి పెట్టిన షరతు మాత్రం ఎవరూ ఊహించనిది. 'ఏం జరిగినా సరే, ముందు నాకు ఫోన్ చెయ్యి. తాగినా, తప్పిపోయినా, ఇంకేదైనా అయినా. నేను చూశావుగా అనను. తప్పెవరిదన్నది తర్వాత తీరిగ్గా చూసుకుందాం' అంది. ఆ మాట అనడానికి ఆమెకు వారం రోజులు పట్టింది.

ప్రయాణంలో గొప్ప సంఘటనలేమీ జరగలేదు. ఎండకు ఒళ్లు కమిలింది, రెండు రోజులు వాన పడింది, డబ్బులు అనుకున్నదానికన్నా ముందే అయిపోయాయి. సినిమాలో ఉన్నట్టే. మూడో రాత్రి మాత్రం స్నేహితురాళ్లలో ఒకమ్మాయి కొత్తగా పరిచయమైనవాళ్లతో వెళ్లి, చెప్పిన వేళకు తిరిగి రాలేదు. ఫోన్ తీయలేదు. మిగతా ముగ్గురూ ఆమె ఫోను చూపించిన చోటికి వెతుక్కుంటూ వెళ్లారు. ఆ పిల్ల తాగి మత్తుగా ఉంది. పక్కన ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. మేం దించుతాంలే అని వాళ్లన్నారు. అక్కర్లేదని ముగ్గురూ చెరో చెయ్యీ పట్టి గదికి తీసుకొచ్చేశారు. ఆ కుర్రాళ్లు మంచివాళ్లో కాదో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరం పడలేదు.

తెల్లవారుజామున రెండింటికి డాలస్‌లో ఫోన్ మోగింది. కూతురు జరిగింది జరిగినట్టు చెప్పింది. తల్లి గొంతు దాకా వచ్చిన మాటను మింగి, 'ఆ పిల్లకి మంచినీళ్లు పట్టించారా? పక్కకి తిప్పి పడుకోబెట్టండి. వాంతి చేసుకుంటే జాగ్రత్త' అంది. తర్వాత ఇద్దరూ చాలాసేపు ఏవో మాట్లాడుకున్నారు. ఏడాది కిందటైతే ఈ సంగతి ఆ ఇంటికి ఎప్పటికీ తెలిసేది కాదు.

సరదా సినిమాల మీద ప్రేక్షకుల అభిప్రాయాలు ఇలాగే ఏర్పడతాయి కాబోలు. తెర మీద ఏముందో దానితో సగం, తెర ముందు కూచున్నవారి మనసులో ఏముందో దానితో మిగతా సగం. తండ్రి ఇప్పటికీ నీళ్లతొట్టి సీను తలుచుకుని నవ్వుతాడు. అల్లుడి మాటకు అమ్మమ్మ తలూపుతుంది, రమాప్రభను మాత్రం మర్చిపోదు. ఆ కుర్రాడికి శిక్ష పడనంత వరకు ఆ సినిమా ముగిసినట్టు కాదంటుంది కూతురు. తల్లిని ఎవరైనా అడిగితే ఆమెకు ఆ సినిమా ఇంకా నచ్చలేదనే చెబుతుంది. కారణం మాత్రం మారింది. చివరి సీనులోనైనా మెలనీ తల్లి ఒక్కసారి వచ్చి ఆ మంచం పక్కన కూచుని ఉంటే బావుండేదంటుంది.